మగకుక్కను ఆంబోతుగా ఉంచుదామా, ఎద్దును చేద్దామా?

చిత్త కార్తె వచ్చిందంటే పల్లెలో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. వీధి మొగలో ఒక ఆడకుక్క, దాని వెనుక పది మగకుక్కలు. పిల్లలు రాళ్లు పట్టుకుని ఉరుకుతారు, పెద్దలు తల తిప్పుకుని పోతారు. రాత్రంతా అరుపులు, కొట్లాటలు. తెల్లారేసరికి ఎవరింటి కుక్కో చెవి చిరిగి, కుంటుకుంటూ వచ్చి గడప ముందు పడుకుంటుంది. మనుషులను తిట్టడానికి కూడా ఈ కార్తె పేరునే వాడుకున్నారు మనవాళ్లు.

ఇప్పుడీ చిత్త కార్తె ఉప్పల్ కాలనీల్లోకీ, నాచారం అపార్టుమెంట్లలోకీ వచ్చింది. ఒకప్పుడు ఉప్పల్ కలాన్ అంటే చెరువు, పొలం, నాలుగు బజార్ల ఊరు. 2007లో మహానగరంలో కలిసింది. నాచారం ఒక పక్క పారిశ్రామికవాడ అయింది, ఇంకో పక్క ఎన్.టి. రామారావు స్టూడియో వెలిసింది. పొలాలు పోయాయి. కొట్టాలు పోయాయి. పశువులు పోయాయి. కుక్క మాత్రం పోలేదు. వాకిట్లో పడుకునే కుక్క మేడ మీదికి ఎక్కింది, అంతే తేడా. పాలేరు అన్నం పడేసే కుక్క స్థానంలో లాబ్రడార్ వచ్చింది, జర్మన్ షెపర్డ్ వచ్చింది, చేతిసంచిలో పట్టే పొమరేనియన్ వచ్చింది. వాటితో పాటు ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చింది. మగకుక్కకు ఏడాది నిండింది. గోడ దూకుతోంది. దానికి ఆపరేషన్ చేయించాలా? లేక ఎక్కడైనా ఒక ఆడకుక్కకు కట్టించాలా?

నగరం వాళ్ల గొడవ మనకెందుకని ఘట్‌కేసర్, కీసర వైపు పాఠకులు అనుకోవచ్చు. ఉప్పల్‌లో పుట్టి, కొనేవాళ్లు దొరకని పిల్లలు చివరకు చేరేది మన తోటలకూ, మన కోళ్ల ఫారాలకూ, కాపలా పేరుతో మన ఊళ్లకే. అదీగాక ఈ ప్రశ్నకు జవాబు నగరంలో లేదు. మన కొట్టంలో ఉంది.

కొట్టంలోని లెక్క

ఇంట్లో కోడెదూడ పుడితే రైతు ఏం చేస్తాడు? పెంచుతాడు. కొమ్ములు వచ్చి, పొగరెక్కి, ఆవుల వెంట పడే వయసుకు పశువుల దవాఖానకు తోలుకపోయి విత్తులు నొక్కిస్తాడు. బర్డిజో అనే ఇనుప పట్టుకారు పల్లెలో చూడనివారు లేరు. ఆ పని పాపమని గానీ, కోడె మగతనం పోయిందని గానీ ఎవరూ ఏడ్వలేదు. కాడికి వంగే ఎద్దు కావాలంటే అది తప్పదు.

మరి చూలు కట్టడానికి? ఊరంతటికీ ఒక్క ఆంబోతు ఉండేది. పెద్దల పేరున అచ్చు వేసి వదిలేవారు. దాన్నయినా కళ్లు మూసుకుని వదిలారా? తల్లి ఎన్ని పాలిచ్చింది, మూపురం ఎట్లా ఉంది, కాలు తిన్నగా పడుతోందా, మనిషి మీదికి వస్తుందా అని నలుగురూ చూసేవారు. తెలివైన ఊరివాళ్లు కొన్నేళ్లకు దాన్ని మార్చేవారు కూడా. తన కూతుళ్లనే దాటితే దూడలు పీలగా పుడతాయని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు, అనుభవం చెప్పింది.

అంటే వంద కోడెలు పుడితే ఆంబోతు ఒక్కటి. తక్కిన తొంభైతొమ్మిదీ ఎద్దులే. కుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి కుక్క వాళ్లకు ఆంబోతుగానే కనిపిస్తోంది. అసలు చిక్కంతా ఇక్కడ ఉంది.

మగపెళ్లివారి బేరం

ఉప్పల్‌లో ఒక కాలనీ అనుకోండి. సాయంత్రం మీరు మీ టైగర్‌ను గొలుసు పట్టి తిప్పుతున్నారు. పక్క వీధి ఆయన ఆపుతాడు.

"అన్నా, మా రాణి ఎదకొచ్చింది. మీ టైగర్‌ను ఓ రెండు రోజులు మా ఇంటికి తోలుకస్తవా? పిల్లలైతే ఒకటి నీకే, నీకు నచ్చింది నువ్వే ఏరుకో."

మీకు పొంగు వస్తుంది. రాదూ మరి! టైగర్ అందగాడని పక్క వీధి దాకా పేరు వెళ్లింది. పైగా ఖర్చు లేదు. ఒక పిల్ల ఊరికే వస్తుంది, లేదా నాలుగు రూపాయలు వస్తాయి. దీన్నే ఇప్పుడు 'క్రాసింగ్' అంటున్నారు. మగకుక్క వాళ్ల వైఖరి అచ్చం మగపెళ్లివారి వైఖరే. కట్నం పుచ్చుకోవడం, మర్యాదలు చేయించుకోవడం, తరువాతి బాధంతా ఆడపిల్ల వాళ్లకు వదిలేసి రావడం.

ఆ తరువాతి బాధ ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. కుక్క చూలు సుమారు 63 రోజులు. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క ఒక ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలను పెట్టడం మామూలే. ఎనిమిది వారాల లోపు పిల్లలను తల్లి నుంచి వేరు చేసి అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో చేసిన కుక్కల పెంపకం నిబంధనలు చెబుతున్నాయి. ఆ రెండు నెలలూ తల్లికి మంచి తిండి పెట్టాలి, పిల్లలకు పురుగుల మందు వేయాలి. తరువాత పార్వో, డిస్టెంపర్ జబ్బులకు టీకాలు. టీకా వేయక పార్వో తగిలితే, నిన్నటి దాకా గెంతిన పిల్ల నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఇద్దరు స్నేహితులు మగపిల్లలను తీసుకుపోతారు. ఒకటి మీకు వస్తుంది. ఒకటి ఎలాగో అమ్ముడవుతుంది. మిగిలిన మూడు నాలుగు సంగతి? మూడు నెలలు నిండి, చెప్పులు కొరికే వయసు వచ్చాక కొనేవాడు కనిపించడు. ఆడపిల్లలైతే ఊరికే ఇస్తామన్నా "వద్దులే" అంటారు. అప్పుడు తెలిసిన తోట గుర్తుకొస్తుంది, వరంగల్ రోడ్డు గుర్తుకొస్తుంది, గోనెసంచి గుర్తుకొస్తుంది. చల్లని గదిలో పుట్టిన పిల్లకు ఊరి చివర చెత్తకుప్ప దగ్గర బతికే విద్య తెలియదు. చాలామట్టుకు చస్తాయి. బతికినవి ఊరకుక్కల్లో కలిసి మళ్లీ పిల్లలు పెడతాయి.

గేటు తెరిచి ఉన్న రాత్రి

కట్టించకుండా, ఆపరేషన్ చేయించకుండా, "దాని మానాన అది ఉంటుందిలే" అనుకునేవాళ్లు మూడో రకం. నిజానికి ఎక్కువమంది వీళ్లే. వీళ్లు నిర్ణయం తీసుకోలేదని అనుకుంటారు గానీ, వీళ్ల బదులు కుక్కే తీసుకుంటుంది. ఎదకు వచ్చిన ఆడకుక్క వాసన చాలా దూరం నుంచే మగకుక్కకు తగులుతుంది. తిండి మానేస్తుంది, మూలుగుతుంది, గేటు తెరిస్తే బాణంలా పోతుంది. మా చిన్నతనంలో మా ఇంట్లో ఒక నల్లకుక్క ఉండేది. దీపావళికి ముందు ఒక రాత్రి పోయింది. మూడో రోజు రోడ్డు మీద లారీ కింద దొరికింది. మా నాయన చాలా రోజులు ఆ వైపు నుంచి నడవలేదు. ఈనాటి ఉప్పల్ రింగు రోడ్డు ముందు ఆ రోడ్డు ఏపాటిది!

బండి కింద పడకుండా తిరిగి వచ్చినా ఒక జబ్బును తేవచ్చు. మగకుక్క మర్మాంగం నుంచి నెత్తురు చుక్కలు పడుతుంటాయి. మూత్రంలో నెత్తురనుకుని, వేడి చేసిందనుకుని మజ్జిగ పోస్తారు. చర్మం వెనక్కి తీసి చూస్తే కోసుపువ్వులాంటి కండ కనిపిస్తుంది. అది సంపర్కం వల్ల అంటుకునే ఒక రకం క్యాన్సర్ గడ్డ. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇక్కడ అంటుకునేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక కుక్కలో పుట్టిన గడ్డ కణాలు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు పాకుతూ ఈనాటికీ లోకమంతా బతికే ఉన్నాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. మన దేశం వీధికుక్కల్లో ఇది బాగా ఉంది. విన్‌క్రిస్టిన్ అనే సూదిమందు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వేస్తే చాలావరకు నయమవుతుంది. ముందుగా దవాఖానకు తీసుకుపోవాలి, అంతే.

ఇక వీధిలో ఆ రాత్రి పుట్టుకకు కారణమైన పిల్లలు ఎవరి ఖాతాలోనూ ఉండవు. 2023 ఫిబ్రవరిలో ఉప్పల్‌కు కూతవేటు దూరంలో ఉన్న అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు చుట్టుముట్టి కరిచి చంపాయి. తండ్రి అక్కడే కాపలా పని చేసుకునే మనిషి. ఆ దృశ్యం కెమెరాలో పడి దేశమంతా చూసింది. రాష్ట్ర హైకోర్టు తనంత తానుగా ఆ కేసును చేపట్టింది. ఆ కుక్కలు ఎవరి వల్ల పుట్టాయో ఎవరూ చెప్పలేరు. వీధిలో పెరిగే గుంపులో మన ఇంటి కుక్కల పాలు కూడా ఉంటుందని మాత్రం చెప్పవచ్చు. అదే 2023 మార్చిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పెంపుడు కుక్కకు పురుగుల మందు, టీకాలు, కు.ని. ఆపరేషన్ ఏర్పాటు యజమాని బాధ్యతే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మీ ఒక్క టైగర్‌కు ఆపరేషన్ చేయిస్తే ఊళ్లో కుక్కలు తగ్గిపోవు. పది మగకుక్కల్లో తొమ్మిదింటికి చేసినా, మిగిలిన ఒక్కటి ఆ వీధిలోని ఆడకుక్కలన్నిటినీ చూలు కట్టించగలదు. లెక్క తగ్గాలంటే ఆడకుక్కల ఆపరేషన్లే ముఖ్యం. నాగోలు దగ్గరి ఫతుల్లాగూడలో నగరపాలకులు పెట్టిన కేంద్రం వీధికుక్కలకు చేసేది ఆ పనే. మగకుక్కకు చేయించేది ప్రధానంగా దాని కోసం, మన ఇంటి కోసం, పక్కింటివాళ్ల ఆడకుక్క కోసం.

ఆపరేషన్‌తో ఏది పోతుంది, ఏది పోదు

"విత్తులు తీస్తే కుక్క కాపలా కాయదు" అనేది అందరి నోటా వినే మాట. ఎద్దు కాడి లాగడం మానిందా? కుక్క మొరిగేది ఇల్లు తనదనుకుని, ఆడకుక్క కోసం కాదు.

కాలిఫోర్నియా పశువైద్య శాస్త్రజ్ఞులు 1976లో 42 మగకుక్కలకు ఆపరేషన్ తరువాత గుణం ఎట్లా మారిందో చూశారు. ఇల్లు వదిలి తిరగడం పదింట తొమ్మిది కుక్కల్లో తగ్గింది. దేని మీద పడితే దాని మీదికి ఎక్కే అలవాటు మూడింట రెండు వంతుల కుక్కల్లో, సాటి మగకుక్కలతో కొట్లాట సగానికి పైగా కుక్కల్లో తగ్గాయి. ఇంట్లో గోడకూ, మంచం కోడుకూ మూత్రం కొట్టే అలవాటు సగం కుక్కల్లోనే తగ్గింది.

భయంతో కరిచే కుక్క మాత్రం ఆపరేషన్ తరువాత కూడా కరుస్తుంది. చిన్నప్పుడు గొలుసుకు కట్టేసి, కర్రతో కొట్టి, పిల్లలు రాళ్లేసి పెంచిన కుక్క కోపం విత్తుల్లో ఉండదు. "ఒకసారి ఆడకుక్కకు కట్టిస్తే శాంతిస్తుంది" అనేది ఇంకో భ్రమ. రుచి మరిగిన కుక్క మరింత తిరుగుతుంది తప్ప శాంతించదు. ఆపరేషన్‌కు ముందు ఒకసారైనా జత కట్టాలన్న నియమం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

ఒంటికి కలిగే మేలు కూడా ఉంది. విత్తుల్లో గడ్డలు రావు, ఉంటేగా! ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మలమూత్రాలకు కష్టపడటం, తోక కింద గిలకలా ఉబ్బే హెర్నియా బాగా తగ్గుతాయి. ఒక విత్తు కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయిన కుక్కకైతే ఆలోచన అక్కరలేదు. లోపల ఉండిపోయిన విత్తు గడ్డగా మారే ప్రమాదం ఎక్కువ. పైగా ఆ లోపం పిల్లలకు వస్తుంది. దానికి ఆపరేషనే, కట్టించడం లేదు.

నష్టాలు లేవని చెప్పేవాళ్లను నమ్మకండి. ఒళ్లు వస్తుంది. అదే తిండి పెడితే ఆరు నెలల్లో పీపా అవుతుంది. గిన్నెలో కొంత తగ్గించి, నడక పెంచాలి. వయసు సంగతి ఇంకా ముఖ్యం. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వారు 2013 నుంచి వెలువరించిన అధ్యయనాల్లో, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఏడాది నిండకుండా ఆపరేషన్ చేసినవాటికి కీళ్ల జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఎముక ఎదుగుదల ఆగేదాకా ఆ విత్తుల రసం అవసరం అన్నమాట. అందుకని పెద్ద కుక్కకు ఏడాది దాటి, ఏడాదిన్నర దాకా ఆగడం మంచిది. పొమరేనియన్ లాంటి చిన్నవాటికీ, మన నాటుకుక్కలకూ ఆరు నెలలు దాటాక డాక్టరు చెప్పినప్పుడు చేయించవచ్చు. ఆగినన్నాళ్లూ గేటు మూసి ఉండాలి మరి.

దవాఖానలో ఏం చేస్తారు

కోడెకు నొక్కినట్టు కుక్కకు బర్డిజోతో నొక్కరు. పల్లెల్లో విత్తులు కొట్టే అలవాటున్నవారి చేతికి కుక్కను ఇవ్వడం క్రూరం, ప్రాణాపాయం. మత్తు ఇచ్చి, విత్తుల సంచి ముందు చిన్న కోత పెట్టి, రెండు విత్తులూ తీసి కుట్లు వేస్తారు. ముందు రాత్రి నుంచి తిండి పెట్టవద్దంటారు. ఆ మాట తప్పితే మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వయసు మళ్లిన కుక్కయితే ముందుగా రక్తపరీక్ష చేయించాలి. సాయంత్రానికి తూలుకుంటూ ఇంటికి వస్తుంది. పది రోజులు స్నానం వద్దు, పరుగు వద్దు. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి అట్ట కడతారు. దాన్ని చూసి పిల్లలు నవ్వుతారు, కుక్క అలుగుతుంది.

ఉప్పల్, నాచారం వాసులకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. కాస్త దూరమైనా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మన ఊళ్లవారు మొదట మండల పశువుల డాక్టరును అడిగి, ఆయన ఎక్కడికి పంపితే అక్కడికి పోవడం తేలిక.

ఇంకో సంగతి. ఈ ఆపరేషన్‌కూ పిచ్చికుక్క రోగానికీ సంబంధం లేదు. ఆ టీకా వేరే. మూడు నెలల వయసులో మొదటిది, తరువాత డాక్టరు చెప్పిన గడువులో రెండోది, ఆపై ఏడాదికోసారి. విత్తులున్నా లేకున్నా అది తప్పదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడిగి వెంటనే మనుషుల దవాఖానకు పోవాలి. పసుపు, కారం పెట్టవద్దు.

మరి ఆంబోతు ఏది?

అన్నిటికీ విత్తులు తీస్తే మంచి కుక్కలు ఎక్కడి నుంచి వస్తాయని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి లంకల్లో జోనంగి అని ఒక మన జాతి ఉంది. పొట్టి వెంట్రుకలు, ముడతల నుదురు, మొరగడానికి బదులు కూసినట్టుండే గొంతు. బాతులను కాయడంలో దానికి సాటి లేదు. ఇప్పుడు బాగా తగ్గిపోయింది. మీ ఇంట్లో అసలైన జోనంగి పోతు ఉంటే, దానికి ఆపరేషన్ చేయించమని ఈ వ్యాసకర్త చెప్పడు. దానికి తగిన జోడు వెతకండి అంటాడు.

ఉప్పల్‌లో వీధికి నాలుగున్న లాబ్రడార్ల సంగతి అది కాదు. అయినా కట్టించాలని గట్టి పట్టు ఉంటే, ఆంబోతును చూసినట్టే చూడాలి. కుక్కకు రెండేళ్లు నిండాయా? తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించారా? పెద్ద జాతుల్లో తుంటి జబ్బు వంశంలో వస్తుంది. చర్మం బాగుందా? కొత్త మనిషిని చూసి వణకదు గదా, మీద పడదు గదా? బ్రూసెల్లా అనే జబ్బు సంపర్కంతో పాకుతుంది, మనుషులకూ రావచ్చు. దానికి రెండు కుక్కలకూ రక్తపరీక్ష చేయించారా? ఆడకుక్క ఎవరి కూతురు? ఒకే కాలనీలో ఒకే మగకుక్కను అందరూ వాడుకుంటే రెండో తరానికే అన్నాచెల్లెళ్లు జత కడతాయి. 2017 నిబంధనల ప్రకారం ఆడకుక్కకు ఏడాదిన్నర నిండాలి, ఏడాదికి ఒకసారికి మించకూడదు, జీవితంలో అయిదు ఈతలు దాటకూడదు. పెంచి అమ్మే వ్యాపారానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి.

వీటన్నిటికంటే ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. ఎనిమిది పిల్లలు పుడితే ఎనిమిదింటినీ తీసుకునే ఎనిమిది ఇళ్ల పేర్లు కట్టించకముందే కాగితం మీద రాయగలరా? "చూద్దాంలే, ఎవరో ఒకరు తీసుకుంటారు" అన్నది పేరు కాదు. పక్క వీధి ఆయన "ఒకటి నీకే" అన్నప్పుడు "మిగతా ఏడూ ఎవరికి?" అని అక్కడే అడగండి. ఆయన ఏడు పేర్లూ చెప్పలేకపోతే టైగర్‌ను ఇంటికి తోలుకురండి.

ఆపరేషన్ చేయించాలనుకున్నవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. విత్తులు తీసిన మర్నాటి నుంచే కుక్క గొడ్డుపోదు. నాళాల్లో మిగిలిన వీర్యంతో ఇంకా కొన్ని వారాలు చూలు కట్టించగలదు. నెలా పదిహేను రోజులు ఆడకుక్క దగ్గరికి పోనివ్వకూడదు. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆగస్టు చివరిలోగా దవాఖానకు తీసుకుపోతే సరిపోతుంది.